భూగోళం చదివితే.. కొలువులకు దారి

బాపట్ల: ఇంటర్‌ పూర్తికాగానే ఇంజినీరింగ్‌ వైపు చూపు సారించడం తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థులకు పరిపాటి. భూగోళ శాస్త్రమంటే పదో తరగతిలో పటాలు గుర్తించి మరచిపోయే పాఠమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. నిజానికి ఈ శాస్త్రం అవసరం అడుగడుగునా కనిపించే నేల ఇదే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్‌ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చింది. అటువంటి వేళ ఏ లంక ముందు మునుగుతుంది, కరకట్ట ఎక్కడ బలహీనం, జనాన్ని ఏ దారిన తరలించాలి? నేల ఎత్తుపల్లాలు, కాలువలు, ఊళ్లను ఒకే పటంపై పరచి ఇందుకు సమాధానం వెదికేదే జీఐఎస్‌గా పిలిచే భౌగోళిక సమాచార వ్యవస్థ. నిజాంపట్నం వంటి రేవుల మత్స్యకారులకు చేపల జాడ సూచించే ఇన్‌కాయిస్‌, ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే ఎన్‌ఆర్‌ఎస్‌సీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

భూముల సర్వే, పట్టణ ప్రణాళిక, విపత్తు నిర్వహణ, బోధన రంగాల్లోనూ అవకాశాలున్నాయి. సివిల్స్‌ మెయిన్స్‌లో ఐచ్ఛికాంశంగా ఎంచుకుంటే రెండు పేపర్లకు 500 మార్కులు. జనరల్‌ స్టడీస్‌లోనూ ఈ పాఠాలే అక్కరకొస్తాయి.

పీజీకి విశాఖలోని ఆంధ్ర, హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో విభాగాలున్నాయి. రెండూ దూరమే, హాస్టల్‌ ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. పట్టా ఒక్కటే చేతబట్టుకుంటే ప్రైవేటు సంస్థల్లో కొలువు కష్టం. రిమోట్‌ సెన్సింగ్‌, జీఐఎస్‌లపై పట్టు ఉండాలి. క్యూజీఐఎస్‌ సాఫ్ట్‌వేర్‌ ఉచితంగా లభిస్తుంది కనుక సొంత ఊరి కాలువల పటంతోనే సాధన మొదలుపెట్టవచ్చు.