బొమ్మ రైలు పట్టాలెలా మారుతుంది?

పక్కపక్కనే రెండు లైన్లు. ఒకదాని మీదున్న రైలు రెండోదాని మీదికి వెళ్లాలంటే చెరో లైనులో ఒక పాయింటు పెట్టి, రెండింటినీ ఏటవాలు పట్టాలతో కలుపుతారు. అదే క్రాసోవర్.

పాయింటులో కదిలేవి మొన తేలిన రెండు కమ్మీలే. ఎడమ కమ్మీ ఎడమ పట్టాకు ఆనుకుంటే, చక్రం లోపలి అంచు దాన్ని ఒరుసుకుంటూ కుడివైపు మళ్లుతుంది. డ్రైవరు చేసేదేమీ లేదు, స్టీరింగే ఉండదు!

మరి బోగీలు అక్కడే ఎందుకు పడిపోతాయి? క్రాసోవర్‌లో రైలు ఓ పక్కకు తిరిగి, వెంటనే రెండో పక్కకు తిరగాలి. పొడవాటి బోగీల కొసలు అప్పుడు వ్యతిరేక దిక్కులకు జరిగి, కొక్కేలు ఒకదాన్నొకటి పక్కకు లాగేస్తాయి. అందుకే కోణం తక్కువున్న పాయింట్లు మేలు. చోటు ఎక్కువ పడుతుంది, అయినా తప్పదు.

కంటికి కనిపించని చిక్కు కరెంటుది. హెచ్‌ఓ సైజు బొమ్మ రైళ్లు అసలుకు 87వ వంతు ఉంటాయి, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చాలా సెట్లలో ఒక పట్టా ప్లస్, రెండోది మైనస్. లైను గుండ్రంగా తిరిగొచ్చి, రైలు వచ్చిన దారినే వెనక్కి వెళ్లేలా తననే కలుసుకుంటే ప్లస్ పట్టా మైనస్‌కు తగులుతుంది. షార్ట్ సర్క్యూటే!

పట్టాలు కొనకముందే కాగితం మీద ప్లాన్ గీయండి. ఒక పట్టాకు ఎర్ర పెన్సిల్, రెండోదానికి నీలం వాడండి. ఎరుపు నీలాన్ని తాకితే, ఆ వంపు రెండు కొసల్లోనూ రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయింట్లు వేసి, ఆ ముక్కకు విడిగా ప్లస్, మైనస్‌లను తారుమారు చేసే స్విచ్ పెట్టండి.