ముట్లు ఆగిన ఏడాది

మోకాలు అరిగితే అడుగడుగునా తెలుస్తుంది. ఎముక గుల్లబారితే ఏమీ తెలియదు. శెనక్కాయ చేను గట్టున కాలు జారి, తుంటి విరిగి, ఎక్స్‌రే తీసినప్పుడే బయటపడుతుంది.

ఎముకను ఒక రకం కణాలు నిత్యం కరిగిస్తుంటే, మరో రకం మళ్లీ కడుతుంటాయి. కరిగించే కణాలకు పగ్గం వేసేది ఈస్ట్రోజెన్. ముట్లు ఆగాక అది పడిపోతుంది. మొదటి కొన్నేళ్లు ఎముక వేగంగా తరుగుతుంది. కాబట్టి ఎముకల లెక్కలో పుట్టిన ఏడాది ఒక్కటే చాలదు, ముట్లు ఆగిన ఏడాదీ కావాలి.

మన రాష్ట్రంలో చాలామందికి ఆ ఏడాది ఆపరేషన్ బల్ల మీదే వచ్చేస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ‘పిల్లలయ్యాక సంచితో పనేముంది’ అనేవాళ్లు అనంతపురం పల్లెల్లోనూ ఉన్నారు. ఈస్ట్రోజెన్ తయారుచేసే అండాశయాలు ఉంచాం కదా అన్న ధైర్యం కూడా పూర్తిగా నిలవదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భసంచి తీయించుకోనివారితో పోలిస్తే, తీయించుకుని కనీసం ఒక అండాశయం మిగిలినవారిలోనూ అది ముందే పనిమానే ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. తప్పు ఆపరేషన్‌దా, దానికి దారితీసిన జబ్బుదా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు.

పైగా మన ఎముక మొదట్లోనే బలహీనం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం 30-60 ఏళ్ల పేద మహిళలు 289 మందిని పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లకు రోజూ అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. ముట్లు ఆగినవారికి ఇప్పటి సిఫారసు 1,200. ఎముక సాంద్రతా తక్కువే. అయితే ఇక్కడో మెలిక ఉంది: ఎముక సాంద్రతను కొలిచే డెక్సా యంత్రం ఇచ్చే టి-స్కోరుకు కొలబద్ద అమెరికా తెల్లజాతి యువతుల ఎముక. పొట్టిగా, సన్నగా ఉండే మన ఆడవాళ్లను దానితో కొలిస్తే లోటు కొంత పెరిగి కనిపిస్తుంది. కొంతే, మొత్తం కాదు.

విచిత్రమేమిటంటే, అనంతపురం మెట్టసీమ రాగి సంగటి తిన్న సీమ. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, తెల్లబియ్యంలో 8 కూడా ఉండదు. రాగుల్లోని ఫైటేట్ కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు, అయినా తేడా తేడానే. చేలలోకి శెనక్కాయ, కంచంలోకి చౌకబియ్యం వచ్చాక సంగటి తగ్గింది.

డాక్టరు అడగకపోయినా రెండు సంగతులు చెప్పాలి: ముట్లు ఏ ఏట ఆగాయి, గర్భసంచితో పాటు అండాశయాలూ తీశారా. రెండోది గుర్తులేకపోతే డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, దాన్ని పారేయొద్దు.