గీత మారింది... ఆమె అతడైంది!

అక్షరం నెత్తిన చిన్న గీత. అది చోటు మారితే ఆడమనిషి కాస్తా మగవాడైపోయింది. దాన్ని సరిదిద్దడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

రోమాలోని విశ్వాసులకు పౌలు సుమారు క్రీ.శ. 57లో ఉత్తరం రాశాడు. పదహారో అధ్యాయం నిండా పలకరింపులే. అందులో అంద్రొనీకు, యూనీయ అనే ఇద్దరున్నారు. తనలాగే జైలుకెళ్లినవారనీ, తనకన్నా ముందే క్రీస్తును నమ్మినవారనీ, అపొస్తలుల్లో పేరున్నవారనీ వాళ్ల గురించి చెప్పాడు.

ఇంతకీ యూనీయ ఆడా, మగా? పాత గ్రీకు రాతప్రతుల్లో స్వర గుర్తులుండవు. ఈ పేరులో ఏటవాలు గీత ఇకారం మీద పెడితే స్త్రీ, వంకర గీత చివరి ఆకారం మీద పెడితే పురుషుడు. తమిళనాట ఉన్న మనవాళ్లకు ఈ తిప్పలు తెలియనివి కావు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. గోపి అనాలో కోపి అనాలో ఆ మనిషి తెలిస్తేనే తెలుస్తుంది!

నాలుగో శతాబ్దపు యోహాను క్రిసోస్తోముకు అనుమానమే లేదు. ఆమె స్త్రీయేనని, అపొస్తలురాలన్న పేరుకు తగినదని మెచ్చుకున్నాడు. లూథర్ జర్మన్ బైబిల్లో మాత్రం మగవాడే. 1927 నాటి నెస్లే గ్రీకు ముద్రణ కూడా మగ గుర్తుకే మారింది. ఆడమనిషి అపొస్తలురాలేమిటన్న సందేహం తప్ప ఇందుకు గట్టి ఆధారం కనబడదు.

శాసనాలు వేరే కథ చెప్పాయి. ఒక్క రోమాలోనే యూనియా అనే స్త్రీ పేరు 250 సార్లకు పైగా దొరికింది. యూనియాస్ అనే మగపేరు వాటిలో ఒక్కటీ లేదు. 1977లో బెర్నడెట్ బ్రూటెన్ ఈ తేడాను ఎత్తిచూపారు. 1998లో నెస్లే-అలాండ్ పునర్ముద్రణ గీతను సరిచేసింది. 2005లో ఎల్డన్ ఎప్ ఆమెపై ఏకంగా ఓ పుస్తకమే రాశారు.

గొడవ అంతటితో తీరలేదు. స్త్రీయే కావచ్చు, కానీ 'అపొస్తలులకు బాగా తెలిసినవారు' అన్నదే ఆ మాటకు అర్థమంటూ 2001లో బ్యూరర్, వాలెస్ మెలిక పెట్టారు. చాలామంది పండితులు ఒప్పుకోలేదు. స్త్రీలు వేదికెక్కి బోధించవచ్చా అన్న చర్చ సంఘాల్లో ఎప్పుడొచ్చినా ఈ పేరు తెరపైకి రావడం మామూలే.

మరి మన తెలుగు బైబిల్లో? 'యూనీయకును' అని ఉంది. ఆ తర్వాత 'వీరు'. 'కు' విభక్తి ఆడకైనా మగకైనా ఒకటే, 'వీరు' కూడా అంతే. రోమీయుల పత్రిక 16వ అధ్యాయం ఏడో వచనాన్ని గుడిలో ఎన్నిసార్లు చదివినా, అక్కడున్నది ఓ అమ్మ అని వినేవారికి తెలిసే వీలే లేదు.