జవాబు 5 రావాలి.. 2.64 ఎందుకొచ్చింది?

జావా నేర్చుకోవడం మొదలుపెట్టారా? అయితే రెండు బిందువుల మధ్య దూరం కనుక్కునే ప్రోగ్రామ్‌ మీకూ ఎదురయ్యే ఉంటుంది. సూత్రం పదో తరగతిలో చదివిందే. ఎక్స్‌ల తేడా వర్గానికి వైల తేడా వర్గం కలిపి, వర్గమూలం తీయాలి. పది లైన్ల పని. కానీ ప్రోగ్రామ్‌ రన్‌ కావడం వేరు, సరైన జవాబివ్వడం వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి ఇది మంచి అభ్యాసం.

ముందు కాగితం మీద..
కోడ్‌ రాయకముందే జవాబు తెలిసిన లెక్క ఒకటి సిద్ధం చేసుకోండి. (1, 2), (4, 6) బిందువులు తీసుకుంటే తేడాలు 3, 4. వర్గాల మొత్తం 25. దూరం 5. మీ ప్రోగ్రామ్‌ కూడా అంతే చూపించాలి.

టోపీ గుర్తుతో జాగ్రత్త
వర్గం కోసం కొత్తవాళ్లు ^ గుర్తు వాడేస్తుంటారు. ఎక్సెల్‌లో అది ఘాతమే. జావాలో మాత్రం బిట్లను పోల్చే ‘ఎక్సార్‌’. తేడాలు ఇంట్‌ రకంలో ఉంటే 3^2కి 9 బదులు 1, 4^2కి 16 బదులు 6 వస్తాయి. మొత్తం 7, వర్గమూలం 2.64 చిల్లర. ఎర్రర్‌ ఏదీ కనిపించదు, చిక్కంతా అక్కడే. అందుకే తేడాను తేడాతోనే గుణించండి. లేదా మ్యాథ్‌ క్లాస్‌లోని హైపాట్‌ మెథడ్‌కి రెండు తేడాలూ ఇచ్చేయండి.

డబుల్‌ ఎందుకంటే..
ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య సుమారు 214 కోట్లు. ఒక తేడా 50,000, రెండోది సున్నా అనుకోండి. వర్గం 250 కోట్లు. అది ఇంట్‌లో పట్టక రుణసంఖ్యగా మారిపోతుంది. దానికి వర్గమూలం అడిగితే తెరపై ‘నాన్‌’ అని, అంటే ‘ఇది సంఖ్య కాదు’ అని వస్తుంది. మొదటి నుంచీ డబుల్‌ వాడితే ఈ బెడద ఉండదు.

మ్యాప్‌కి ఇది చాలదు
హైదరాబాద్, విజయవాడల అక్షాంశ, రేఖాంశాలు ఇందులో ఇస్తే దాదాపు 2.33 వస్తుంది. అది డిగ్రీల లెక్క, కిలోమీటర్లు కాదు. ఆకాశమార్గాన అసలు దూరం సుమారు 250 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాల మధ్య ఎడం తగ్గిపోతుంది. ఇలాంటి లెక్కకు హావర్‌సైన్‌ సూత్రం ఉంది. తర్వాత దాన్ని ప్రయత్నించండి.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే కోడ్‌ రాసి ఊరుకోకండి. ఏ విలువలతో సరిచూశారో, ఎక్కడ ఇది పనికిరాదో కూడా చెప్పండి. అర్థం చేసుకుని రాశారని తెలిసేది అప్పుడే.