చొక్కా ఎత్తి, ఊపిరి లెక్కపెట్టి

గూడూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. తీరంలో ముసురు పట్టిందంటే తలుపులు, కిటికీలు మూసుకుంటారు. పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ ఇంట్లోనే తిరుగుతాయి. ఒకరి పడిశం ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ఆ ఇంట్లో నెలల బిడ్డ ఉంటే ఆ జలుబు ఎక్కువసార్లు దానంతటదే తగ్గిపోతుంది. కొన్నిసార్లు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మనవాళ్లు ‘నిమ్ము చేసింది’ అనేది దాన్నే.

ఏది మామూలు జలుబో, ఏది నిమోనియానో తల్లికి ఎలా తెలుస్తుంది? దగ్గు చప్పుడును బట్టి కాదు. నుదురు వేడిని బట్టి కూడా కాదు. చొక్కా పైకెత్తి పొట్ట, రొమ్ము చూడాలి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి ఆ హద్దు 50. పసికందులు మధ్యలో క్షణం ఆగి ఊపిరి తీస్తారు కాబట్టి అర నిమిషం లెక్కను రెట్టింపు చేయకూడదు. చిన్న బిడ్డకు 60 వస్తే మళ్లీ ఒకసారి లెక్కించాలి.

ఊపిరి పీల్చినప్పుడల్లా రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుపోవడం, అంటే డొక్కలెగరేయడం, అంతకన్నా పెద్ద హెచ్చరిక. ముక్కుపుటాలు ఎగరడం, మూలగడం, పెదవులు నీలంగా మారడం, పాలు పట్టకపోవడం, ఫిట్స్, లేపినా లేవని మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరమే రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. ‘జ్వరం లేదుగా’ అన్న ధీమా ప్రాణం మీదికి తెస్తుంది.

ఇదంతా చదువుకున్నవాళ్లకే సాధ్యమనుకోవడం పొరపాటు. తెలంగాణ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1980ల చివర ఈ పనిని పల్లెవాసులకు, మంత్రసానులకు నేర్పింది. అంకెలు రానివారికి పూసలు, ఇసుక గడియారంతో ఊపిరి లెక్కించే సాధనం చేసి ఇచ్చింది. నిమోనియా గురించి తల్లిదండ్రులకూ చెప్పింది. ఆ పనిలో లేని పల్లెలతో పోలిస్తే అక్కడ పిల్లల నిమోనియా మరణాలు సగానికన్నా తక్కువగా ఉన్నాయని 1990లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. పూసలతో మంత్రసాని చేసిన పని చేతిలో ఫోనున్న తండ్రి చేయలేడా? తండ్రులూ, అమ్మమ్మలూ కూడా నేర్చుకోవాల్సిన విద్య ఇది.

అమ్మమ్మల మాట వచ్చింది కాబట్టి సాంబ్రాణి గురించి చెప్పాలి. స్నానం చేయించి ధూపం వేయడంలో ప్రేమ ఉంది, కాదనలేం. కానీ ఆ పొగ చిన్న ఊపిరితిత్తులకు బీడీ పొగలాగే హాని చేస్తుంది. ముక్కులో ఆముదం, నూనె చుక్కలు వేస్తే అవి ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెచ్చిపెట్టవచ్చు. ముక్కు మూసుకుపోతే డాక్టరు చెప్పిన సెలైన్ చుక్కలు చాలు. దుకాణంలో అడిగి కొనే దగ్గు మందు అసలే వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కలుషిత దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టంగా చెప్పింది.

రక్షణ ముర్రుపాలతో మొదలవుతుంది. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలి. తల్లికి జలుబు చేసినా పాలు మాన్పకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని ఇస్తే చాలు. నిమోకోకస్ అనే బ్యాక్టీరియాను అడ్డుకునే పీసీవీ టీకా ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఉచితంగా వేస్తున్నారు. దాన్ని ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలు నిండాక వేయించాలి. పెంటావాలెంట్, తట్టు టీకాలు కూడా నిమోనియా ముప్పును తగ్గిస్తాయి. ప్రసవం తర్వాత ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. అప్పుడు ఊపిరి లెక్కించడం చేసి చూపించమని అడగండి. ఆమె ఎదుటే మీరూ ఒకసారి లెక్కపెట్టండి.

లెక్క హద్దుకు చేరినా, డొక్కలెగరేసినా, బిడ్డ పాలు మానేసినా, అర్ధరాత్రయినా, వాన పడుతున్నా సరే, 108కి ఫోను చేయండి.