కళ్ళం దాటాక ధాన్యం రైతుది కాదు!

అమలాపురం: 2011 సార్వాకు కోనసీమలో చాలా ఊళ్ళ రైతులు నారుమళ్ళు పోయలేదు. ఒండ్రు నేల ఉంది, గోదావరి కాలువ ఉంది. అయినా వేలాది ఎకరాలు బీడు పెట్టారు. 'పంట విరామం' అన్న మాట ఆ ఏడాది దేశమంతటా మారుమోగింది.

రైతును అంత దూరం నెట్టిన కారణాలు అనేకం. ఎరువుల ధర పెరిగింది, కూలీల కొరత వచ్చింది, మురుగు కాలువలు పూడి చేలు మునిగాయి. అన్నిటినీ మించి, పండిన గింజ అమ్ముడుపోలేదు.

అంతకు ముందటి దాళ్వాలో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1000 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 750. ఆ ధరా చాలామందికి దక్కలేదు. అప్పటి నిబంధన ప్రకారం మిల్లరు ఆడిన బియ్యంలో 75 శాతం లెవీ కింద ఎఫ్.సి.ఐ.కి ఇవ్వాలి. గోదాములు నిండి ఉండటంతో లెవీ కదలలేదు. లెవీ కదలనిదే మిల్లరుకు డబ్బు రాదు, డబ్బు రానిదే అతడు ధాన్యం కొనడు. ఆ భారమంతా చివరకు కళ్ళంలో కాపలా కాస్తున్న రైతు మీద పడింది.

పై దేశాలకు పంపుదామంటే బాస్మతి కాని బియ్యం ఎగుమతిపై 2008 నుంచి నిషేధం. గౌతమి దాటితే కాకినాడ రేవు. రేవు దగ్గరే ఉన్నా అనుమతి ఢిల్లీలో ఉంది. ఆ అనుమతి 2011 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి సార్వా అదను దాటిపోయింది. రైతుల గోడు వినడానికి రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది.

లెవీ పోయినా చిక్కు పోలేదు

2015 అక్టోబరు నుంచి లెవీ రద్దయింది. ఇప్పుడు ప్రభుత్వమే ధాన్యం కొని మిల్లుల చేత ఆడిస్తున్నది. క్వింటాలు ధాన్యానికి మిల్లు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు.

పూర్వం పనలు చేలో ఆరి, కుప్పకెక్కి, తర్వాత నూర్పుకు వచ్చేవి. ఇప్పుడు మిషను కోసిన గింజ పచ్చిగానే ట్రాక్టరులో పడుతుంది. ఆరబెట్టడానికి రోడ్డు తప్ప మరో చోటు లేనివారే ఎక్కువ. మబ్బు పట్టిందంటే రైతు గుండె జారిపోతుంది. సంచులు రాలేదనో, తేమ తగ్గలేదనో రెండు రోజులు ఆగితే మొలకెత్తుతుందని భయం. ఆ భయాన్నే దళారి కొనుక్కుంటాడు.

2025–26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. బస్తాకు సుమారు 1777. దళారి చేతిలో బస్తాకు 200 తగ్గితే, ఎకరాకు 30 బస్తాలు పండిన రైతు 6000 పోగొట్టుకున్నట్టే. కౌలు రైతుకు మరీ కష్టం. ఈ-పంటలో తన పేరు నమోదు కాకపోతే కొనుగోలు కేంద్రంలో అతని చెమటకు సాక్ష్యం లేదు. మక్తా మాత్రం తప్పదు. లెక్క చూస్తే రైతుకు నాగలి కూడా మిగలదన్న సామెత ఊరికే పుట్టలేదు.

మళ్ళీ అదే తలుపు

2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం మళ్ళీ నిషేధించింది. అప్పుడు సార్వా నాట్ల అదను. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తివేసింది. దేశంలో బియ్యం ధర పెరగకుండా చూడటమే ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. తినేవాడికి ధర అందుబాటులో ఉండాలన్నది న్యాయమే. రైతు కూడా బియ్యం కొనే రోజులున్నాయి. కాని ఆ భారం పండించేవాడే మోయాలనడం న్యాయమా?

ప్రభుత్వం కొనుగోలు మానుకోవాలని రైతు కోరడం లేదు. అది లేకపోతే దళారి చెప్పిందే ధర అవుతుంది. ఎంత కొంటారో, ఎక్కడ కొంటారో నారు పోయకముందే చెప్పాలి. పైరు చేలో ఉండగా ఎగుమతి నిబంధన మార్చరాదు. ఊరూరా ఆరబెట్టే కళ్ళాలు, యంత్రాలు ఏర్పాటు చేయాలి. కౌలు రైతు ధాన్యాన్ని అతని పేరుతోనే కొనాలి.

ఇవేవీ ఖజానాకు మోయలేని భారాలు కావు. వీటిని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2011లో కోనసీమ బీళ్ళు చూపించాయి.