కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్లను నమ్మొచ్చా? 'ఓకే' కొట్టగానే తెర వెనక జరిగేది ఇదీ..

ల్యాప్‌టాప్‌లో ఏదో కొంటున్నారు. బిల్లు కట్టే పేజీ తెరవగానే మూలన ఓ చిన్న బాక్స్ వచ్చింది. 'ఆగండి, మీ కోసం కూపన్లు వెతుకుతున్నాం' అంటుంది. కాసేపు గిర్రున తిరుగుతుంది. 'కూపన్లేవీ దొరకలేదు, మీకు ఇప్పటికే బెస్ట్ ధర వచ్చింది' అని తేల్చేస్తుంది. పోనీలే, నష్టమేముంది అనుకుని 'ఓకే' కొట్టేస్తారు చాలామంది. అసలు కథంతా ఆ 'ఓకే' దగ్గరే ఉంది.

బ్రౌజర్‌లో ఫ్రీగా వేసుకునే ఈ చిన్న ప్రోగ్రాములనే కూపన్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. మరి ఫ్రీగా ఇచ్చేవాళ్లకు డబ్బులెలా వస్తాయి? సూటిగా చెప్పాలంటే.. కమీషన్.

కైకలూరు ఉదాహరణ చూద్దాం

కైకలూరులో చేపల చెరువుల మీద వీడియోలు చేసే కుర్రాడు ఒకడున్నాడనుకోండి. నీటి పీహెచ్ చూసే మీటర్ గురించి పది నిమిషాలు వివరించి, కింద డిస్క్రిప్షన్‌లో లింక్ పెట్టాడు. ఆకివీడులో ఓ రైతు కొడుకు ఆ లింక్ నొక్కి 1,500 రూపాయల మీటర్ కొన్నాడు. కమీషన్ 5 శాతం అనుకుంటే ఆ కుర్రాడికి 75 రూపాయలు రావాలి.

ఎవరి లింక్ ద్వారా కొన్నారో షాపింగ్ సైటు ఎలా గుర్తుపడుతుంది? లింక్ నొక్కినప్పుడు బ్రౌజర్‌లో 'కుకీ' అనే చిన్న గుర్తు పడుతుంది. కొనే ముందు చివరగా ఎవరి గుర్తు పడితే కమీషన్ వాళ్లదే. దీన్నే 'లాస్ట్ క్లిక్' పద్ధతి అంటారు. బిల్లు పేజీలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద 'ఓకే' కొట్టారా.. అది తన లింక్‌ను చాటుగా తెరిచి, కుర్రాడి గుర్తు తీసేసి తన గుర్తు వేసుకోవచ్చు. కూపన్ దొరక్కపోయినా సరే! కొన్నవాడికి రూపాయి తేడా రాదు కాబట్టి అనుమానం కూడా రాదు. వల వేసింది ఒకడు, చేపల బుట్ట ఎత్తుకెళ్లింది ఇంకొకడు.

'హనీ' గొడవ ఏంటి?

సరిగ్గా ఈ ఆరోపణే ప్రపంచంలోనే పేరున్న కూపన్ ఎక్స్‌టెన్షన్ 'హనీ' మీద వచ్చింది. 2020లో పేపాల్ కంపెనీ దీన్ని 400 కోట్ల డాలర్లకు కొనేసింది. అప్పటి లెక్కన దాదాపు 28 వేల కోట్ల రూపాయలు. కూపన్లు వెతికే ఉచిత టూల్‌కు అంత రేటు పలికిందంటేనే అర్థం చేసుకోవచ్చు, ఇందులో ఎంత డబ్బుందో!

2024 డిసెంబర్‌లో మెగాలాగ్ అనే యూట్యూబర్ దీనిపై వీడియో పెట్టాడు. తానే ఓ లింక్ ద్వారా కొని చూస్తే, 35 డాలర్ల పైచిలుకు కమీషన్ హనీ ఖాతాలోకి వెళ్లిందని, కొన్నవాడికి మాత్రం డాలర్ విలువ కూడా లేని పాయింట్లు దక్కాయని చూపించాడు. విచిత్రమేంటంటే, హనీకి స్పాన్సర్‌షిప్ తీసుకుని ప్రచారం చేసిన యూట్యూబర్లే నష్టపోయినవాళ్లలో ఉన్నారు. కొందరు అమెరికా కోర్టుకెక్కారు. తాము పరిశ్రమ నిబంధనల ప్రకారమే, లాస్ట్ క్లిక్ పద్ధతిలోనే నడుస్తున్నామన్నది పేపాల్ వాదన.

కొనేవాళ్లకు సూటిగా తగిలే పాయింట్ ఇంకోటి ఉంది. హనీతో ఒప్పందం ఉన్న షాపులు, ఏ కూపన్లు చూపించాలో తామే నిర్ణయించుకోవచ్చు. అంటే బయట 20 శాతం కోడ్ తిరుగుతున్నా, 5 శాతం కోడే చూపించే వీలుంటుంది. 'ఇదే బెస్ట్ ధర' అన్న మాటను కళ్లుమూసుకుని నమ్మకూడదనేది ఇందుకే.

ఈ రచ్చ తర్వాత 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ రూల్స్ మార్చింది. కొనేవాళ్లకు నిజంగా లాభం లేకుండా ఎక్స్‌టెన్షన్లు తమ కమీషన్ లింకులు దూర్చకూడదని తేల్చి చెప్పింది.

మన దగ్గర సంగతి?

2022 ఆగస్టులో మెకాఫీ సంస్థ ఐదు ఎక్స్‌టెన్షన్ల పేర్లు బయటపెట్టింది. అన్నీ కలిపి 14 లక్షల ఇన్‌స్టాల్స్. అందులో ధరలు ట్రాక్ చేసే 'ఫ్లిప్‌షోప్', ఫ్లాష్ సేల్స్‌లో వస్తువు పట్టేసే 'ఆటోబై' కూడా ఉన్నాయి. యూజర్ ఏ సైటుకు వెళ్లినా ఆ వివరం తయారీదారుల సర్వర్‌కు చేరుతోందని, షాపింగ్ సైటైతే కమీషన్ కుకీ మారిపోతోందని మెకాఫీ చెప్పింది. కొన్నయితే దొరక్కుండా ఉండేందుకు ఇన్‌స్టాల్ చేసిన 15 రోజుల దాకా నోరెత్తలేదట.

కమీషన్ కంటే భయపడాల్సింది దీనికే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడానికి, మార్చడానికి' అనుమతి అడుగుతుంది. అన్నీ అంటే అన్నీ.. నెట్ బ్యాంకింగ్, మెయిల్, ఆస్పత్రి రిపోర్టుల పేజీ కూడా. అలా పోగైన డేటాకు బయట మార్కెట్ ఉంది. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ తన ఎక్స్‌టెన్షన్లు, సాఫ్ట్‌వేర్ ద్వారా జనం బ్రౌజింగ్ వివరాలు సేకరించి అమ్మిందంటూ 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలాదారుడి సంగతే అలా ఉంటే కూపన్లు వెతికేవాడి మాటేంటి?

ఇంతా చేసి లాభం ఎంత? ఫ్లిప్‌కార్ట్, అమెజాన్‌లలో పెద్ద తగ్గింపులు ఎక్కువగా బ్యాంక్ కార్డు ఆఫర్ల రూపంలోనే వస్తాయి. కూపన్ ఉంటే వస్తువు పేజీలోనే టిక్ పెట్టమని కనిపిస్తుంది. దాన్ని వెతకడానికి ఇంకొకరెందుకు? పాత ధరల గ్రాఫ్ చూపించే టూల్స్ కాస్త నయం. సేల్‌కు ముందు రేటు పెంచి తగ్గించారేమో తెలుస్తుంది. ఆ గ్రాఫ్ కోసం ఎక్స్‌టెన్షన్ వేసుకోనక్కర్లేదు, ఆ సైటులో వస్తువు లింక్ పేస్ట్ చేసినా చాలు.

అయినా వాడాలనుకుంటే..

తాడేపల్లిగూడెం నిట్ హాస్టల్లోనో, ఏలూరులో ఇంట్లోనో ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే వేసుకుని ఉంటే, క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల సెట్టింగ్స్ తెరవండి. సైట్ యాక్సెస్‌ను 'అన్ని సైట్లలో' నుంచి 'క్లిక్ చేసినప్పుడు మాత్రమే' అన్న ఆప్షన్‌కు మార్చండి. బ్యాంకు పనులకు ఎక్స్‌టెన్షన్లేవీ లేని వేరే ప్రొఫైల్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎవరి వీడియో చూసి కొంటున్నారో వాళ్లకే కమీషన్ వెళ్లాలనుకుంటే, బిల్లు పేజీలో వచ్చే బాక్స్‌ను ముట్టుకోకండి.

ఫోన్‌లోనే కొంటాం అనేవాళ్లకు కొంత ఊరట. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను తీసుకోదు. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, ఐఫోన్ సఫారీలో మాత్రం పనిచేసేవి ఉన్నాయి. ఇక 'డీల్స్' పేరుతో యాప్ వేయించి, ఫోన్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి ఇమ్మంటే వెంటనే తీసేయండి. స్క్రీన్ మీద కనిపించేదంతా చదివే అనుమతి అది.

తప్పుడు ఆఫర్లపై ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఖాతాలోంచి డబ్బే పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.